కోర్టు వెనక సందులో డాక్యుమెంట్ రైటర్ గారు, ప్లీడరు మేడం ఆఫీసు: ఈసీలో పాత అటాచ్‌మెంట్‌కి వెళ్ళాం, 4 స్టార్లు

పని అయింది, ఇల్లు రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైనవన్నీ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఎప్పటిదో అప్పిచ్చినాయన వేయించిన కోర్టు అటాచ్‌మెంట్, అంటే జప్తు, కనపడి అమ్మకం ఆగిపోయిన వాళ్ళు ఉంటే ఇది మొత్తం చదవండి. అలాంటిదేం లేకుండా మామూలు సేల్ డీడో, అద్దె అగ్రిమెంటో రాయించుకోవాలంటే ఏ షాపైనా ఒకటేనండీ, దానికోసం ఈ సందులోకి దూరి పార్కింగ్‌కి తిప్పలు పడక్కర్లేదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక టౌను, నాన్నగారు కట్టించిన డాబా ఇల్లు. నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది, చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది, ఇంక ఇల్లు ఎవరు చూసుకుంటారు అని ముగ్గురం అనుకుని అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్ళు ఇద్దరూ టీచర్లు, మంచి మనుషులు, బ్యాంకు లోను మీద కొంటున్నారు. అగ్రిమెంటు రాసుకున్నాం, అడ్వాన్సు తీసుకున్నాం, వాళ్ళ బ్యాంకు ప్యానెల్ అడ్వకేటు 30 ఏళ్ళకి ఈసీ తీస్తే 1996లో ఒక లైను బయటపడింది. ఫలానా కోర్టు, ఓఎస్ నంబరు (అంటే దావా నంబరు), ఐఏ నంబరు (ఆ దావాలోనే వేసిన పిటిషన్ నంబరు), తీర్పుకి ముందు జప్తు, పేరు మా నాన్నగారిది. అంతే, లీగల్ ఒపీనియన్ ఆగింది, దాంతో లోనూ ఆగింది.

మా అమ్మని అడిగితే కథ చెప్పింది. నాన్నగారి స్నేహితుడొకాయన మిర్చి వ్యాపారం చేసేవాడు, ఆయన ప్రోనోటు మీద అప్పు తీసుకుంటే ఈయన జామీను సంతకం పెట్టారు. ఆయన కట్టలేకపోయాడు, అప్పిచ్చినాయన ఇద్దరి మీదా దావా వేశాడు, ఆస్తి అమ్ముకుని పారిపోతారేమోనని ముందే మా ఇల్లు జప్తు చేయించాడు. తర్వాత పెద్దమనుషులు కూర్చుని సెటిల్ చేశారు, డబ్బు ముట్టింది, ప్రోనోటు తెచ్చి మా వసారాలోనే చింపేశారు. అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు, ఆ రోజుల్లో ఎవరైనా అంతే కదా. కానీ జప్తు కాయితం కోర్టు నుంచి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళింది, జప్తు ఎత్తేశామన్న కాయితం మాత్రం వెళ్ళలేదు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖకి కంప్యూటర్లు వచ్చినప్పుడు 1983 నుంచి ఉన్న పాత ఇండెక్సులన్నీ ఎక్కించారు కాబట్టి ఆ లైను కూడా భద్రంగా అందులోకి వెళ్ళి కూర్చుంది.

ఇక్కడికి రాకముందు ఇంకో ఇద్దర్ని కలిశాం. ఒకతను రిజిస్ట్రార్ ఆఫీసు బయట టీ బడ్డీ దగ్గర తగిలాడు, 40 వేలిస్తే ఈసీలో ఆ లైను కనపడకుండా చేయిస్తానన్నాడు. ఎలాగయ్యా అంటే చెప్పడు. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ లైను ఎక్కడికీ పోదు, వీళ్ళు ఈసీ అడిగే పద్ధతి మారుస్తారు. పాత డోర్ నంబరుతో వెతికితే వచ్చేది కొత్త డోర్ నంబరు ఒక్కటే ఇచ్చి వెతికితే రాకపోవచ్చు, సర్వే నంబరు ఇవ్వకుండా హద్దులు కాస్త అటూ ఇటూ రాస్తే రాకపోవచ్చు, అలా వచ్చిన ఖాళీ ఈసీ చేతిలో పెట్టి డబ్బులు తీసుకుంటారు. కొనేవాళ్ళ అడ్వకేటు డాక్యుమెంట్ నంబరు వేసి వెతికాడనుకోండి, మళ్ళీ మొదటికే. పైగా మనం దాచిపెట్టి అమ్మినట్టు అవుతుంది. రెండోది ఆన్‌లైన్‌లో టైటిల్ క్లియరెన్స్ ప్యాకేజీ అని ఉంటే ఫోన్ చేశాం, ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, కానీ వాళ్ళు ఇచ్చేది రిపోర్టు మాత్రమే, అటాచ్‌మెంట్ ఉంది అని రిపోర్టు ఇస్తారంట. ఉందనే కదమ్మా మేము ఫోన్ చేసింది.

ఇక ఈ ఆఫీసు సంగతి. కింద జిరాక్స్ షాపు, పైన వీళ్ళు. ముందు గదిలో డాక్యుమెంట్ రైటర్ గారు, అరవై దాటిన పెద్దాయన, వెనక గదిలో ఆయన కూతురు, ఆవిడ అడ్వకేటు. మాకు నచ్చింది ఈ ఏర్పాటే. రిజిస్ట్రార్ ఆఫీసు పని తెలిసిన వాళ్ళకి కోర్టు పని తెలీదు, కోర్టు పని తెలిసిన వాళ్ళు ఆర్డరు చేతికిచ్చి ఇంక మీరే చూసుకోండి అంటారు, మధ్యలో కాయితం ఎక్కడో ఆగిపోతుంది. మా నాన్నగారి విషయంలో జరిగింది కూడా అదే. ఇక్కడ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

పెద్దాయన ఈసీ చూసి మొదట అడిగింది ఫీజు గురించి కాదు, "కేసు ఏమైంది బాబూ?" అని. సెటిలైందండీ అన్నాను. "సెటిలవడం వేరు, కోర్టులో ఏమని రాసుకున్నారన్నది వేరు, ముందు అది తెలియాలి" అన్నారు. అప్పుడు మేడం వచ్చి విడమర్చి చెప్పింది, గుర్తున్నంత వరకు రాస్తున్నా, మీకూ పనికొస్తుంది. దావా కొట్టేసి ఉంటే జప్తు ఎత్తేయమని కోర్టు ఆర్డరు వేయాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 38 రూల్ 9 అదే చెప్తుంది. డిక్రీ, అంటే డబ్బు కట్టమని తీర్పు, అయి ఉంటే మాత్రం ఆ పాత జప్తే కంటిన్యూ అవుతుంది, మళ్ళీ కొత్తగా జప్తు చేయించక్కర్లేదు, అప్పుడు డబ్బు కట్టేసినట్టు కోర్టులో రికార్డు అయిందా లేదా చూడాలి. డిక్రీ అయ్యి డబ్బు కట్టకపోతే, అమలు చేయించుకోడానికి అప్పిచ్చినాయనకి 12 ఏళ్ళు టైం ఉంటుంది, ఆ టైంలో ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేశాడా అన్నది చూడాలి. కేసు ఇంకా పెండింగ్‌లో ఉంటే అది పూర్తిగా వేరే దారి. జప్తు నిజంగా అమల్లో ఉండగా అమ్మితే ఆ అప్పు మేరకు అమ్మకం చెల్లదు, అది అదే కోడ్‌లో 64వ సెక్షను, అందుకే బ్యాంకు వాళ్ళు అంత భయపడతారు అని కూడా చెప్పింది. ఇన్నాళ్ళైంది కదా మేడం, దానంతట అది పోదా అని అడిగాను. అప్పు వసూలు చేసుకునే హక్కుకి గడువు ఉంటుంది గానీ ఈసీలో లైనుకి గడువు ఉండదంట. అప్పిచ్చినాయన హక్కు పోయినా ఆ లైను అలాగే పడి ఉంటుంది.

ఇంకో మాట పెద్దాయన మొదటి రోజే తేల్చి చెప్పారు, ఈ లైను ఎవరూ చెరపలేరు అని. ఈసీ అంటే రిజిస్టర్‌లో ఏం జరిగిందో వరసగా చూపించేది, జరిగినదాన్ని జరగలేదని చేయలేం, జప్తు ఎత్తేశారని దాని కింద ఇంకో లైను వేయిస్తాం, అదే మన పని అన్నారు. ఆ 40 వేల మనిషి చెప్పినదానికీ దీనికీ ఎంత తేడానో చూడండి. ఈ ఒక్క మాట విన్నాకే మేము పని వీళ్ళకి అప్పజెప్పాం, అడ్వాన్సు తీసుకున్న మనిషి ఎదుట తల ఎత్తుకుని నిలబడాలి కదండీ.

తర్వాత రికార్డు వెతుకులాట. ఈ-కోర్ట్స్ సైటులో నేను ఇంటి దగ్గరే వెతికాను, అంత పాత కేసు దొరకలేదు. వీళ్ళ గుమాస్తా ఉన్నాడు, సన్నగా, ఎప్పుడూ చంకలో ఫైలు, ఇతనికి రికార్డు రూమ్ వాళ్ళందరూ తెలుసు. దావా రిజిస్టర్‌లో నంబరు పట్టుకుని వెతికించాడు, కేసు కట్ట అయితే లేదు, కానీ రిజిస్టర్‌లో లైను ఉంది, వాది నాట్ ప్రెస్డ్, అంటే ఈ దావా ఇంక నడపను, అని మెమో వేసుకున్నాడు, 1998లో దావా డిస్మిస్. దానికి కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తెచ్చారు. ఆ కాయితం చూసి మా అమ్మ కళ్ళు తుడుచుకుంది, నాన్నగారు చెప్పింది నిజమేనని కాదు, అది ఆమెకి ఎప్పుడూ తెలుసు, కానీ నలుగురికీ చూపించే కాయితం ఒకటి ఉందని.

ఇక్కడ చాలామంది అనుకునేది, డిస్మిస్ ఆర్డరు దొరికింది కదా, తీసుకెళ్ళి సబ్ రిజిస్ట్రార్‌కి ఇస్తే అయిపోతుంది అని. పెద్దాయన అదే ముందు ప్రయత్నించారు, ఒక అర్జీ రాసి కాపీ జతచేసి ఇప్పించారు, దానికి మా దగ్గర ఫీజు తీసుకోలేదు. ఆఫీసులో కుదరదన్నారు, జప్తు కాయితం కోర్టు నుంచి వచ్చింది కాబట్టి ఎత్తేసిన కాయితం కూడా కోర్టు నుంచే రావాలి, పార్టీ తెచ్చిన కాపీ మీద చేయలేం అని. వినడానికి విసుగ్గా ఉంటుంది గానీ ఆలోచిస్తే న్యాయమే, లేకపోతే ఎవడు పడితే వాడు కాపీ పట్టుకొచ్చి ఎత్తేయించుకుంటాడు. సో మేడం ఆ పాత దావా నంబరులోనే ఒక ఐఏ వేసింది, నాన్నగారు లేరు కాబట్టి వారసులుగా మేము, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి, జప్తు ఎత్తేసి ఆ సంగతి రిజిస్ట్రార్ ఆఫీసుకి తెలియజేయమని.

కోర్టు అన్నాక అవతల వాళ్ళకి నోటీసు వెళ్ళాలి. అప్పిచ్చినాయన ఎప్పుడో పోయాడు, పిల్లలు హైదరాబాదులో. అడ్రసు కనుక్కోవడమే పెద్ద పని అయింది, అదీ పెద్దాయనే ఎవరెవర్నో అడిగి పట్టుకున్నారు. నోటీసు అందగానే వాళ్ళ పెద్దబ్బాయి ఫోన్ చేశాడు, మా నాన్న డబ్బు ఊరికే వదులుకోలేదు, వడ్డీ సంగతి ఏదో ఒకటి చూసుకోండి, అప్పుడు సంతకం పెడతాం అని. నాకైతే చెమటలు పట్టాయి, ఇల్లు అమ్మకం ఆగిపోయిన టైంలో ఎంతో కొంత ఇచ్చి వదిలించుకుందామా అని కూడా అనిపించింది. ఫోన్ పెద్దాయనకి ఇచ్చాను, ఆయన స్పీకర్ పెట్టి ఏమాత్రం గొంతు పెంచకుండా "చూడు నాయనా, దావా వదులుకున్నది మీ నాన్నగారే, ఆయన మెమో మీదే కొట్టేశారని కోర్టు కాయితం నా ముందుంది, డిక్రీ లేదు, నువ్వు సంతకం పెడితే పని త్వరగా అవుతుంది, పెట్టకపోయినా అవుతుంది, నీ ఇష్టం" అన్నారు. తర్వాత మేడం నాతో విడిగా చెప్పింది, ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ఇస్తే అప్పు ఉన్నట్టు మీరే ఒప్పుకున్నట్టు మాట్లాడతారు అని. చివరికి అతను కౌంటరు (అభ్యంతరం చెప్తూ జవాబు) వేయలేదు, కోర్టుకీ రాలేదు, ఆర్డరు అయిపోయింది. మధ్యలో ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి లాయర్ల బాయ్‌కాట్, అవన్నీ మామూలే, అందుకు వీళ్ళనేం అనలేం.

ఆర్డరు వచ్చాక అసలు పని మొదలవుతుందని నేను అనుకోలేదు. కోర్టు నుంచి రిజిస్ట్రార్ ఆఫీసుకి లెటరు తయారవ్వాలి, సంతకం అవ్వాలి, బయల్దేరాలి, అక్కడ ఇన్వర్డ్ నంబరు పడాలి, ఎంట్రీ అవ్వాలి. గుమాస్తా ప్రతి మెట్టు దగ్గరా నాకు ఫోన్‌లో ఫోటో పంపాడు, ఇన్వర్డ్ స్టాంపు ఫోటోతో సహా. నాకు ఈ సర్వీసులో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపించింది. 1998లో ఎవరైనా ఈ నాలుగు అడుగులు వేసి ఉంటే మాకు ఈ గొడవే లేదు. ఫ్రెష్ ఈసీ తీస్తే పాత లైనూ ఉంది, దాని కింద జప్తు ఎత్తేసిన లైనూ ఉంది. కొనే టీచరు గారు అది చూసి "ఇంకా ఉందేంటండీ ఇది" అని కంగారుపడ్డారు, పెద్దాయన వాళ్ళిద్దర్నీ ఆఫీసుకి పిలిచి టీ ఇప్పించి రెండు లైన్లూ పక్కపక్కన పెట్టి చూపించారు, ప్యానెల్ అడ్వకేటుకి ఆర్డరు కాపీ పంపారు, ఒపీనియన్ క్లియర్.

ఈ లోపల అగ్రిమెంటు గడువు దాటిపోతుంటే గడువు పెంచుతూ ఇంకో కాయితం రాసి ఇద్దరి చేతా సంతకాలు చేయించింది కూడా వీళ్ళే. అది గుర్తుచేసింది మేము కాదు, ఆయనే క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నారు. చెల్లి పవర్ ఆఫ్ అటార్నీ విషయంలోనూ అంతే. అమెరికాలో నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించి పంపమన్నారు, ఇక్కడికి చేరాక 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు పని చేయించాలి, లేకపోతే ఇబ్బంది అని ముందే చెప్పారు. అందుకే కోర్టు ఆర్డరు ఎప్పుడొస్తుందో ఒక అంచనా వచ్చాకే పంపమన్నారు, ముందే తెప్పించి పెట్టుకోలేదు. ఎన్ఆర్ఐ పిల్లలున్న వాళ్ళు ఇది గమనించండి.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి. ఈసీ గవర్నమెంట్ ఫీజు 30 ఏళ్ళ లోపైతే 200, దాటితే 500, దానిమీద సర్వీసు చార్జి, అది పెద్ద లెక్క కాదు. మేడం ఫీజు 15 వేలు, సగం ముందు, సగం ఆర్డరు అయ్యాక. కాపీలు, కోర్టు నోటీసుల ఖర్చు, తిరుగుళ్ళు, పెద్దాయన రాతపని అన్నీ కలిపి ఇంకో 10 వేల పైచిలుకు. అడ్రసు దొరక్కపోతే పేపర్లో ప్రకటన వేయాలి, దానికి బాగా అవుతుంది అని ముందే చెప్పారు, మాకు అవసరం పడలేదు.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే రెండు కారణాలు. ఒకటి, పైఖర్చులకి బిల్లు ఉండదు, ఒక నోటు పుస్తకంలో రాస్తారు, అడిగితే చూపిస్తారు, కానీ నా చేతికి కాయితం ఇవ్వలేదు. మేడం ఫీజుకి రసీదు ఇచ్చింది, మిగతాదానికి లేదు. రెండోది, అసలు సమస్య, పెద్దాయన గొంతు. ముందు గదిలో ఆరు కుర్చీలు, అందరూ కూర్చుని ఉండగానే ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకి వినపడేట్టు మాట్లాడతారు, మా ఇంటి అప్పు కథ ఎంతమంది విన్నారో నాకు తెలీదు. మా అమ్మకి అది బాగా కష్టమనిపించింది. అమ్మని వెనక గదిలో కూర్చోబెట్టి మాట్లాడి ఉండొచ్చు.

అలా విన్నదే ఇంకోటి ఉంది, పేర్లు లేకుండా చెప్తా, ఎందుకంటే ఇది మా కేసు కంటే ఎక్కువమందికి ఉండే సమస్య. ఒకావిడ హౌసింగ్ లోను ఎప్పుడో తీర్చేశారు, ఒరిజినల్ డాక్యుమెంట్లు కూడా తెచ్చుకున్నారు, కానీ లోను టైంలో రిజిస్టర్ చేసిన టైటిల్ డీడ్స్ డిపాజిట్ మెమోరాండం (ఇంటి కాయితాలు బ్యాంకులో తాకట్టు పెట్టామన్న పత్రం) ఈసీలో అలాగే ఉంది, రద్దు చేయించలేదు. ఇప్పుడు ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పెద్దాయన చెప్పింది ఏంటంటే, బోర్డు మారినా బాధ్యత పోదు, ఆంధ్రా బ్యాంకు అయితే 2020 ఏప్రిల్ 1 నుంచి యూనియన్ బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయితే 2017 నుంచి ఎస్‌బీఐ, పాత వైశ్యా బ్యాంకు అయితే ఐఎన్‌జీ వైశ్యా అయి 2015లో కోటక్‌లో కలిసింది, ఇప్పుడున్న బ్యాంకు ఆఫీసరే వచ్చి రిలీజ్ కాయితం మీద సంతకం పెట్టాలి అని. నో డ్యూ సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుంటే సరిపోదు, రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంట్రీ పడాలి. సెర్సాయ్‌లో (బ్యాంకు తాకట్టులు నమోదు చేసే సెంట్రల్ రిజిస్టర్‌లో) కూడా చార్జి, అంటే తాకట్టు ఎంట్రీ, తీసేశారో లేదో చూడమన్నారు. ఈమధ్య లోను తీర్చినవాళ్ళకైతే పరిస్థితి మెరుగంట, 2023 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది, ఆ డిసెంబర్ 1 నుంచి, లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో డాక్యుమెంట్లు ఇచ్చేయాలి, చార్జి కూడా తీయించాలి, బ్యాంకు తప్పు వల్ల లేటైతే రోజుకి 5,000 చొప్పున మనకే కట్టాలి. అంతకుముందు తీర్చుకున్న వాళ్ళం మాత్రం మనమే తిరగాలి.

వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలో కూడా చెప్తా, మొదటి రోజు ఊరికే పోకుండా. అసలు డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), పాత డోర్ నంబరు కొత్త డోర్ నంబరు రెండూ ఉన్న ఇంటిపన్ను రసీదులు, పోయినవాళ్ళ డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఈసీ ఒరిజినల్ ఇస్తే వాళ్ళు ఫైల్లో పెట్టేసుకుంటారు, మీకో జిరాక్స్ ఉంచుకోండి. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఏదైనా ఉంటే అందులో కోర్టు సమన్లు, ప్లీడరు చీటీలు ఏమైనా ఉన్నాయేమో చూడండి, దావా నంబరు సంవత్సరంతో సహా దొరికితే సగం పని అయినట్టే, మాకు ఈసీలోనే ఉంది కాబట్టి సరిపోయింది.

సోమవారం పొద్దున వెళ్ళకండి, మేడం కోర్టులో ఉంటుంది, పెద్దాయన రిజిస్ట్రేషన్ల హడావుడిలో ఉంటారు. సాయంత్రం 5 తర్వాత అయితే ఇద్దరూ దొరుకుతారు. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు, మెసేజ్ పెడితే గుమాస్తా చూసి చెప్తాడు. బండి కోర్టు గేటు పక్కన పెట్టుకోవచ్చు, కారైతే మెయిన్ రోడ్డు మీదే వదిలేసి నడవాలి. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్ళని తీసుకెళ్తే కింద జిరాక్స్ షాపులో కూర్చోబెట్టి కబురు పెట్టండి, సంతకాలకి ఆయనే కిందకి దిగి వస్తారు, అక్కడైతే కాస్త నెమ్మదిగా కూడా మాట్లాడతారు.